ఎర్ర కాగితం చుట్టిన టార్చి

సెప్టెంబరులో ఆరు కొన్నాను.
ఒళ్ళంతా ఎర్ర చారలు,
పుదీనా మిఠాయికి కాళ్ళు మొలిచినట్టు.
నా సెలూన్‌లో రెండో కుర్చీకి ఎదురుగా
ఉప్పునీటి తొట్టి.
పది రోజులకు నాలుగు.
నెల తిరిగేసరికి ఒకటి.
మళ్ళీ నాలుగు కొన్నాను, బుద్ధి లేక.

ఓస్టెండ్‌లో ఈ మాట పైకి చెప్పుకోకూడదు.
ఇది రొయ్యలు తినే ఊరు.
రేవులో ఆడవాళ్ళు కబుర్లాడుతూనే
గోటితో ఒక్క తిప్పు తిప్పి పొట్టు ఊడదీస్తారు.
ఇక్కడ
రొయ్య కనబడటం లేదని దిగులుపడేవాణ్ణి
నేనొక్కణ్ణే.

మెడచుట్టూ గుడ్డ కట్టాక
కుర్చీలో మనిషి ఎక్కడికీ పోలేడు,
అందుకని సలహా ఇస్తాడు.
ముప్పై ఏళ్ళు వల లాగిన ఫ్లోరిమోన్
"ఆకలికి ఒకదాన్నొకటి తినుంటాయి,
పడవలో మేమూ ఒకసారి అంతదాకా వచ్చాం" అన్నాడు.
మందులషాపు లీస్లోట్
"నీ గొట్టాలు రాగివి కావుగదా?
చేపకు మందు, రొయ్యకు విషం" అంది.
ఆ సాయంత్రమే నీళ్ళు పరీక్షించాను. రాగి లేదు.
ఉప్పు సరిగానే ఉంది. వేడి సరిగానే ఉంది.
ఏ తప్పూ లేని నీళ్ళలో
చావు ఎక్కడ కరిగిందో.

పసుపు చేపను అనుమానించాను.
వారం రోజులు దాని పొట్ట వంక చూశాను,
కొట్టువాడు పిల్లాడి జేబు వంక చూసినట్టు.
పాపం, దానికి నోరే చాలదు.
ఇసుకలో పాకే ముళ్ళపురుగును పట్టాను.
అది శవాలనే తింటుందట,
నేరం జరిగాక పోగయ్యే జనంలో ఒకటి.

ఒకరోజు ఇసుక మీద రొయ్య శవం.
చిమటాతో ఎత్తితే బరువు లేదు.
లోపల ఎవరూ లేరు.
కళ్ళ మీది గాజుపొరతో సహా, మీసం కొసతో సహా
చొక్కా విడిచినట్టు విడిచి వెళ్ళింది.
ఇదివరకు నేను ఏడ్చిన శవాల్లో
ఎన్ని చొక్కాలో!
తల్లి పని ముగిసేదాకా నా దగ్గరే ఉండే యార్నె,
ఎనిమిదేళ్ళవాడు,
అద్దం అంచున చాక్‌పీసుతో గీసిన చావుగీతలు
రెండు చెరిపేశాడు.

అయినా లెక్క కుదరలేదు.

రాత్రి షట్టరు దించి
నేలమీది జుట్టు ఊడుస్తుంటే
టక్.
నా కత్తెర సొరుగులో ఉంది.
టక్.
ముప్పై రెండేళ్ళుగా చెవిలో ఇంకిన చప్పుడేమో అనుకున్నాను.
ఎరుపు వాటి కంటికి చీకటేనట.
చాక్లెట్ డబ్బా ఎర్ర కాగితం టార్చికి చుట్టి
ఒంటిగంట దాకా మోకాళ్ళ మీద.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఈశ్వరుడి దగ్గర ఎర్ర కాగితం ఉండి ఉండదు.

రాయి కన్నంలో రెండు కళ్ళు.
ఒకటి నన్ను చూస్తోంది, ఒకటి తలుపును.
బొటనవేలంత ఒళ్ళు.
గొల్లభామలా రొమ్ముకు ముడుచుకున్న చేతులు,
అచ్చం ప్రార్థన చేస్తున్నట్టు.
ఆ రాయి నేనే ఎంచాను.
తూకం వేయించి, బేరమాడి,
తడిగుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని
ట్రాములో తెచ్చాను.

కన్నంలో సోడా పోస్తే బయటికొచ్చింది.
"సముద్రంలో పారెయ్" అన్నాడు ఫ్లోరిమోన్.
కిటికీలోంచి కనిపించే ఆ బూడిదరంగు చలిలో
వెచ్చని నీళ్ళ ప్రాణి ఎంతసేపు?
చంపు అనడానికి అది మర్యాద మాట.

ఇప్పుడది గడ్డం సబ్బుల అరమీద,
మందపాటి జాడీలో, తనకంటూ ఓ చిన్న హీటరుతో.
శుక్రవారం రేవుకెళ్ళి గుప్పెడు రొయ్యలు కొంటాను.
అమ్మే ఆవిడ "మీకేనా?" అంటుంది.
సగం నాకు, సగం దానికి.
పెద్ద తొట్టి ముందు నిలబడి తినను, అంతే.

నిన్న యార్నె కేకేశాడు.
వడపోత గొట్టం వెనక నుంచి
ఒక మీసం. దాని వెనక ఇంకోటి.
చచ్చాయని రాసుకున్నవే.
గీతలు చెరపడానికి తడిగుడ్డ వెతుకుతుంటే
అరమీద జాడీ
టక్ అంది.